ఆటగాడికి పెద్ద దెబ్బ తగిలితే "కావాలనే కొట్టాడు" అని తేల్చేదెలా?

గాజువాక_బ్లూలైన్
వచ్చే సీజన్ ఇన్‌లైన్ హాకీ (చక్రాల స్కేట్ల మీద ఆడేది) లీగ్‌కి క్రమశిక్షణ రూల్స్ రాస్తున్నాం. ఒక్క లైను దగ్గర కమిటీ రెండుగా చీలిపోయింది. "కావాలని కొట్టి గాయపరిస్తే సీజన్ మొత్తం బయటికి" అని రాయమంటారు కొందరు. "కావాలని" అన్న మాటే తీసెయ్యమంటారు మిగతావాళ్ళు, ఎందుకంటే పట్టుబడ్డ ప్రతివాడూ "నేను పక్ (ఆటలో కొట్టే బిళ్ళ) కోసమే వెళ్ళాను" అంటాడు కాబట్టి. ఐస్ హాకీ వాళ్ళు ఈ తగువు మనకంటే చాలాకాలం ముందే పడ్డారు కదా, వాళ్ళెలా తేలుస్తారు? రూల్‌బుక్ చదివినవాళ్ళు చెప్పండి. "ఆటలో ఇవన్నీ మామూలే" అనొద్దు, అది కమిటీలో విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

జగదాంబ_జంక్షన్
ఆటలో ఇవన్నీ మామూలే.

రింక్‌సైడ్_రెఫ్
జగదాంబ, నీకు 2 నిమిషాలు పెనాల్టీ.

బ్లూలైన్, మీ వాళ్ళు మూడు ప్రశ్నల్ని ఒకే మాటలో కుక్కేస్తున్నారు. ఒకటి, ఆ పని కావాలని చేశాడా, అంటే కర్ర ఊపడం, భుజం వెయ్యడం లాంటివి. రెండు, గాయం చెయ్యాలనే చేశాడా. మూడు, గాయం అవ్వొచ్చని తెలిసీ లెక్క చెయ్యలేదా. మొదటిదానికి జవాబు దాదాపు ఎప్పుడూ "అవును". రెండోది నిరూపించడం చాలా అరుదు. తగువులన్నీ నిజానికి మూడోదాని మీదే.

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్) రూల్ 21 రెండో ప్రశ్న అడుగుతుంది: ఉద్దేశపూర్వకంగా గాయపరిచినా, గాయపరచాలని ప్రయత్నించినా మ్యాచ్ పెనాల్టీ, అంటే ఆటనుంచి పంపేసి లీగ్ తేల్చేదాకా సస్పెన్షన్. రూల్ 48, అదే తలకి తగిలే దెబ్బల రూల్, అందులో ఏది తప్పో చెప్పేచోట ఉద్దేశం ఊసే లేదు. రెండే చూస్తారు: దెబ్బలో ప్రధానంగా తగిలింది తలకేనా, ఆ తాకిడి తప్పించదగ్గదేనా. ఆ రెండోది తేల్చడానికి మళ్ళీ మూడు చూడమంటుంది. కొట్టినవాడు ఒంటికి గురిపెట్టాడా, లేక టైమింగ్, కోణం తప్పో, ఒళ్ళు అనవసరంగా పైకి లేపో తల మీదికి వెళ్ళాడా. దెబ్బ తిన్నవాడు తప్పించుకోలేని భంగిమలోకి తనే వచ్చాడా. చివరి క్షణంలో తల, ఒళ్ళు కదిపాడా. ఇవన్నీ వీడియోలో కనపడేవి. మనసులో ఏముందో ఎవరూ అడగక్కర్లేదు.

ఈ రూల్ ఎందుకొచ్చిందో కూడా తెలుసుకోండి. 2010 మార్చి 7న మాట్ కుక్ కొట్టిన దెబ్బకి మార్క్ సవార్డ్‌కి తలలో తీవ్రమైన గాయమైంది. అప్పటి రూల్‌బుక్‌లో ఆ దెబ్బని తప్పనే రూలే లేక కుక్‌కి సస్పెన్షన్ పడలేదు.

కంచరపాలెం_కుర్రోడు
అదేటి గురూ, అంత దెబ్బ కొట్టి ఒక్క మ్యాచ్ కూడా ఒగ్గలేదా?

రింక్‌సైడ్_రెఫ్
ఒక్కటి కూడా లేదు. రూల్‌లో ఉన్న ఖాళీ అది. ఆ తర్వాతే, 2010లోనే, 48 పెట్టారు. 2011లో, 2013లో మళ్ళీ సవరించారు.

ఉక్కునగరం_గోలీ
"తప్పించదగ్గది" అనేసి దులుపుకోవడం సులువు. దెబ్బ తిన్నవాడి సంగతో? నా లెక్కలో గాయమే కొలబద్ద. ఎన్‌హెచ్‌ఎల్ హై స్టిక్ చూడండి. కర్ర మొహానికి తగిలితే 2 నిమిషాలు బయట కూర్చోవాలి. గాయమైతే 2 ప్లస్ 2, అది పొరపాటున తగిలినా, అజాగ్రత్తగా తగిలినా సరే. కర్ర నీ చేతిలో ఉంది, బాధ్యత నీదే. ఉద్దేశం గోలే లేదు. మిగతావాటికీ ఇలాగే పెట్టెయ్యొచ్చుగా?

డాల్ఫిన్‌నోస్
గోలీ, హై స్టిక్‌కి అది సరిపోవడానికి కారణముంది. శిక్ష చిన్నది, నాలుగు నిమిషాలు. పొరపాటు చేసినవాడికి పడినా కొంప మునగదు. అదే లెక్క సీజన్ బహిష్కరణకి పెడితే? జడేనో చారా, మాక్స్ పాచియొరెట్టి కేసు చూడు. 2011 మార్చి 8, మాంట్రియల్. బెంచీ పక్క నుంచి వెళ్తూ చారా బోర్డుకి అదిమాడు. సరిగ్గా అక్కడే బెంచీల మధ్య అద్దం మొదలయ్యే కంబం ఉంది. పాచియొరెట్టి తల దానికి తగిలి తలలో తీవ్రమైన దెబ్బ, మెడలో నాలుగో వెన్నుపూస విరుగు. అదే తోపు నాలుగు మీటర్లు అటో ఇటో జరిగుంటే 2 నిమిషాల ఇంటర్‌ఫియరెన్స్‌తో (పక్ లేనివాణ్ణి అడ్డుకున్న తప్పు) పోయేది. రిఫరీలు 5 నిమిషాలు వేసి ఆటనుంచి పంపేశారు. లీగ్ సస్పెండ్ చెయ్యలేదు. క్యూబెక్‌లో పోలీసు దర్యాప్తు జరిగింది, కేసు పెట్టలేదు. తర్వాత లీగ్ బెంచీల దగ్గర అద్దాలు మూలల్లో వంపు తిరిగేలా మార్చింది. గాయానికి సగం కారణం అక్కడుంది.

ఉక్కునగరం_గోలీ
చారా 6 అడుగుల 9 అంగుళాలు, ఆ రింకులో ఏళ్ళ తరబడి ఆడాడు. కంబం ఎక్కడుందో తెలీదా? పైగా అదే ఏడాది జనవరిలో గోల్ కొట్టి పాచియొరెట్టి అతన్ని తోశాడు. పాత కక్ష ఉంది.

డాల్ఫిన్‌నోస్
కక్ష ఉంటే కొట్టాలని అనుకున్నాడని చెప్పొచ్చు. కంబానికే కొట్టాలనుకున్నాడని దాన్నిబట్టి చెప్పలేం. అంత వేగంలో ఒకడి తలని ఒక కంబం మీదికి గురిపెట్టడం ఎంత కష్టమో రింకులో దిగినవాడికి తెలుసు.

సిరిపురం_స్లాప్‌షాట్
ఆ కేసులో మీ కమిటీకి పనికొచ్చే ముక్క ఇంకోటుంది. మామూలుగా శిక్షలు తేల్చే కాలిన్ కాంప్‌బెల్ దాన్ని ముట్టుకోలేదు. కొడుకు చారా జట్టులోనే ఆడుతున్నాడని పక్కకి తప్పుకున్నాడు, మైక్ మర్ఫీ తేల్చాడు. మన ఊరి లీగుల్లో కమిటీ వాళ్ళ పిల్లలో మేనల్లుళ్ళో ఏదో ఒక జట్టులో ఉంటారు. ఆ రూల్ ముందు రాయండి, ఉద్దేశం సంగతి తర్వాత.

జగదాంబ_జంక్షన్
అలా రాస్తే మన కమిటీలో మిగిలేది వాచ్‌మన్ ఒక్కడే.

గాజువాక_బ్లూలైన్
వాచ్‌మన్ తమ్ముడు మా గోల్‌కీపరు. సరే, గాయమే కొలబద్ద కాకూడదంటున్నారు. మరి ఉద్దేశం ఉందని గట్టిగా తేల్చిన కేసులే లేవా?

మధురవాడ_ప్లీడర్
ఉన్నాయి. 2000 ఫిబ్రవరి 21, వాంకూవర్. ఆటలో మూడు సెకన్లు కూడా మిగల్లేదు. మార్టీ మెక్‌సోర్లీ వెనకనుంచి వచ్చి డొనాల్డ్ బ్రషీర్ తలకేసి కర్రతో కొట్టాడు. బ్రషీర్ వెల్లకిలా పడ్డాడు, తల ఐస్‌కి కొట్టుకుంది, ఫిట్స్ వచ్చాయి. లీగ్ మొదట 23 మ్యాచ్‌లు వేసింది, చివరికి అది ఏడాది అయింది. కోర్టులో మెక్‌సోర్లీ వాదన: భుజం మీద కొట్టి గొడవకి దింపుదామనుకున్నా, గురి తప్పింది. న్యాయమూర్తి నమ్మలేదు. ఆయుధంతో దాడి కింద దోషిగా తేల్చి, షరతులతో 18 నెలలు వదిలేశాడు.

ఎందుకు నమ్మలేదన్నది చూడండి. పక్ అక్కడ లేదు. ఆట దాదాపు అయిపోయింది, గెలుపోటముల కోసం చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. అదే మ్యాచ్‌లో వీళ్ళిద్దరూ ముందే కొట్టుకున్నారు, మళ్ళీ రమ్మంటే బ్రషీర్ రాలేదు. గురి తప్పడానికి కర్ర చేతకానివాడు కాదు, ఎన్నో ఏళ్ళుగా లీగ్‌లో ఆడినవాడు. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. అన్నీ కలిస్తే ఉద్దేశం దానంతటదే బయటపడుతుంది. మన కోర్టుల్లోనూ అంతే, ఉద్దేశాన్ని ఎవరూ కళ్ళతో చూడరు, చుట్టూ ఉన్న సంగతులనుంచి లాగుతారు.

భీమిలి_ఎడ్జ్
బెర్టూజీ కేసు కూడా కలపండి ప్లీడర్ గారూ, దాంట్లో మెలిక వేరు.

మధురవాడ_ప్లీడర్
అవును, అది రెఫ్ చెప్పిన మొదటి, రెండో ప్రశ్నల మధ్య తేడాకి సరైన ఉదాహరణ. 2004 ఫిబ్రవరి 16న స్టీవ్ మూర్ కొట్టిన దెబ్బకి వాంకూవర్ కెప్టెన్ నాస్లుండ్ గాయపడ్డాడు, పెనాల్టీ పడలేదు. మార్చి 8న మళ్ళీ అవే జట్లు. మొదటి పీరియడ్‌లోనే మూర్ మాట్ కుక్‌తో కొట్లాడాడు, హాకీ లెక్కలో బాకీ తీరినట్టే. మూడో పీరియడ్‌లో వాంకూవర్ చిత్తుగా ఓడిపోతుండగా టాడ్ బెర్టూజీ మూర్ వెంటపడి, జెర్సీ పట్టుకుని, వెనకనుంచి తలమీద గుద్ది, మీద పడి కిందికి నొక్కాడు. మూర్ మెడలో మూడు వెన్నుపూసలు విరిగాయి. మళ్ళీ ఎన్‌హెచ్‌ఎల్ ఆడలేదు.

మెడ విరగ్గొట్టాలని బెర్టూజీ అనుకున్నాడని చెప్పడం కష్టం. కానీ గుద్దాలనుకున్నాడు, అదీ ఎదుటివాడు చూడనప్పుడు. శరీరానికి హాని కలిగించిన దాడి కింద నేరం ఒప్పుకున్నాడు. ఏడాది ప్రొబేషన్, 80 గంటల సమాజసేవ. లీగ్‌లో 13 మామూలు మ్యాచ్‌లు, 7 ప్లేఆఫ్ మ్యాచ్‌లు పోయాయి. మూర్ వేసిన సివిల్ దావా 2014 దాకా సాగి రాజీతో ముగిసింది.

కంచరపాలెం_కుర్రోడు
మెడిరిగినోడికి ఆటే పోయింది, ఇరగ్గొట్టినోడికి 20 మ్యాచ్‌లు. ఏటి న్యాయం ఇది.

ఉక్కునగరం_గోలీ
అదీ నేనంటున్నది. దెబ్బ తిన్నవాడు తిరిగొచ్చేదాకా కొట్టినవాడూ బయటే. ఇంత సింపుల్.

సిరిపురం_స్లాప్‌షాట్
వినడానికి బావుంటుంది గానీ రాసి చూడు. నీ జట్టులో నాలుగో లైను కుర్రాడికి చీలమండ బెణికింది, కొట్టింది అవతలి జట్టు స్టార్. కుర్రాణ్ణి ఫైనల్ దాకా "ఇంకా నొప్పిగా ఉంది" అని కూర్చోబెడతావా, పెట్టవా? నేనైతే పెడతా, పచ్చిగా చెప్తున్నా. సర్టిఫికెట్ తేవడం ఎంతసేపు?

వెన్నుపూస
గాయం తీవ్రతని బట్టి తప్పు తీవ్రత చెప్పలేమని డాక్టర్‌గా చెప్తున్నా. మెడకి సహజంగా వెనక్కి కొంచెం వంపు ఉంటుంది. తల నిటారుగా ఉన్నప్పుడు దెబ్బ తగిలితే కండరాలు, డిస్కులు కొంత బలాన్ని పీల్చుకుంటాయి. తల ముందుకి 30 డిగ్రీలు వంచితే ఆ వంపు పోయి మెడ నిలువు కడ్డీలా అవుతుంది. అప్పుడు నడినెత్తి బోర్డుకి తగిలితే బలమంతా నేరుగా ఎముకల మీదికే, నాలుగు నుంచి ఆరో వెన్నుపూస చుట్టుపక్కల పగులుతుంది. అంటే ఒకే తోపు, ఒకే వేగం. తల ఎత్తినవాడు లేచి తిట్టుకుంటూ వెళ్తాడు, తల దించినవాడికి కాళ్ళూ చేతులూ పడిపోతాయి. కొట్టినవాడు చేసింది రెండుసార్లూ ఒకటే.

బోర్డునుంచి దూరం కూడా చూడండి. బోర్డుకి ఆనుకుని ఉన్నవాడు చాలావరకు నయం. మూడు నాలుగు అడుగుల దూరంలో ఉన్నవాడే ప్రమాదంలో ఉంటాడు, తోస్తే తల ముందుకి వెళ్ళడానికి సరిగ్గా చాలినంత ఖాళీ.

రూల్స్ సంగతి ఎలా ఉన్నా, అలా పడినవాణ్ణి లేపి కూర్చోబెట్టకండి, హెల్మెట్ లాగకండి. తల, మెడ, ఒళ్ళు ఒకే వరసలో కదలకుండా ఒకళ్ళు పట్టుకోవాలి, ఇంకొకళ్ళు 108కి ఫోన్ చెయ్యాలి. నీళ్ళు తాగించే పెద్దమనుషుల్ని దూరంగా ఉంచండి.

భీమిలి_ఎడ్జ్
డాక్టరు గారు చెప్పిన తల దించడం పిల్లల్లో చాలా ఎక్కువ, పక్ కాళ్ళ దగ్గర వెతుక్కుంటారు. అందుకే అవతల కొన్నిచోట్ల పిల్లల జెర్సీల వెనక ఎర్రటి "స్టాప్" గుర్తు కుడతారు. వీపు కనిపిస్తే తొయ్యకు అని. దానివల్ల లాభం ఇంకోటుంది: వీపు కనిపించాక కూడా తోస్తే "చూడలేదు" అన్న సాకు చెల్లదు.

డాల్ఫిన్‌నోస్
వీపు ఎప్పుడు కనిపించింది అన్నదే అసలు లెక్క. మన స్థాయిలో మంచి ఆటగాడు గంటకి 25 కిలోమీటర్లు వెళ్తాడనుకోండి, అంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. చూసి, బుర్రకెక్కి, ఒళ్ళు కదిలేసరికి పావు సెకను పోతుంది. ఆలోపే 1.7 మీటర్లు వెళ్ళిపోతాడు. కాబట్టి 2 మీటర్ల లోపల ఎదుటివాడు గిర్రున తిరిగితే కొట్టేవాడు చెయ్యగలిగింది చాలా తక్కువ. 5 మీటర్ల ముందే వీపు కనిపిస్తుంటే చెయ్యాల్సింది చాలా ఉంది: చేతులు దించొచ్చు, పక్కకి జరగొచ్చు, కనీసం తొక్కడం ఆపి జారుకుంటూ రావొచ్చు.

ఫోన్ వీడియో సెకనుకి 30 ఫ్రేములు. ఈ వేగంలో ఒక్కో ఫ్రేమ్‌కి 23 సెంటీమీటర్లు. తాకిన ఫ్రేమ్ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. వీపు తిరిగిన ఫ్రేముకీ తాకిన ఫ్రేముకీ మధ్య 7, 8 ఫ్రేములు కూడా లేకపోతే అనుమానపు లాభం కొట్టినవాడికే.

రింక్‌సైడ్_రెఫ్
ఈ ఫ్రేముల లెక్క బావుంది. దానికి కాళ్ళు కలపండి. దెబ్బకి ముందు కాళ్ళు తొక్కుతున్నాయా, జారుతున్నాయా? కాళ్ళు నేలనుంచి లేచింది తాకకముందా, తాకాకా? తాకిన తర్వాత లేస్తే అది దెబ్బ ఊపు, ముందే లేస్తే దూకాడు. మోచెయ్యి పక్కటెముకలకి అదిమి ఉందా, బయటికి తెరిచాడా? మోకాలు ముందుకి చాపాడా? చూపు పక్ మీదుందా, మనిషి మీదా?

సిరిపురం_స్లాప్‌షాట్
ఒక జాగ్రత్త. ముందు మామూలు వేగంలో చూడండి. స్లో మోషన్‌లో చూస్తే ఎవడైనా ఆలోచించి కొట్టినట్టే ఉంటాడు, తీరుబడిగా నిర్ణయం తీసుకున్నట్టు. 2016లో అమెరికా నేషనల్ అకాడమీ పత్రికలో దీని మీద పరిశోధన వచ్చింది. అదే వీడియో నెమ్మదిగా చూసినవాళ్ళు ఉద్దేశం ఉందని ఎక్కువగా అన్నారు. రెండు వేగాల్లో చూపిస్తే ఆ పక్షపాతం తగ్గింది, పూర్తిగా పోలేదు. స్లో మోషన్ ఎక్కడ తాకిందో చూడ్డానికి వాడండి, మనసు చదవడానికి కాదు.

ఉక్కునగరం_గోలీ
సరే, గాయం ఒక్కటే కొలబద్ద అన్నది వెనక్కి తీసుకుంటా. కానీ దాన్ని పూర్తిగా పక్కన పెట్టడానికి ఒప్పుకోను. ఎన్‌హెచ్‌ఎల్ వాళ్ళే పెట్టలేదు. ఆటగాళ్ళ సంఘంతో వాళ్ళ ఒప్పందంలో సస్పెన్షన్‌కి చూసే అంశాల్లో గాయం ఉంది. చేసిన పని ఎలాంటిది, ఉద్దేశపూర్వకమా నిర్లక్ష్యమా, అనవసరమైన బలమా, పాత చరిత్ర, ఆట ఏ స్థితిలో ఉంది, వీటి పక్కనే అదీ ఉంది.

రింక్‌సైడ్_రెఫ్
ఒప్పుకుంటా. తప్పా కాదా అన్నది చేసిన పనిని బట్టి, ఎన్ని మ్యాచ్‌లు అన్నదాంట్లో గాయానికీ వాటా. ఆ వరస తిరగెయ్యకూడదు, అంతే.

ఉద్దేశం తేల్చలేనప్పుడు ఏం చెయ్యాలో వైడ్‌మన్ కేసు చూడండి. 2016 జనవరి 27, కాల్గరీ. డెనిస్ వైడ్‌మన్ బోర్డుకి గట్టిగా తగిలి, తల దిమ్మెక్కి బెంచీకి వెళ్తూ దారిలో ఉన్న లైన్స్‌మన్ (సహాయ రిఫరీ) డాన్ హెండర్సన్‌ని వెనకనుంచి కర్రతో తోసి పడేశాడు. గాయపరిచే ఉద్దేశంతో అయితే 20 మ్యాచ్‌లు, బలం ప్రయోగించాడు గానీ ఆ ఉద్దేశం లేకపోతే 10. లీగ్ 20 వేసింది, లీగ్ కమిషనర్ బెట్‌మన్ అప్పీలులో నిలబెట్టాడు, తర్వాత వైడ్‌మన్ పంపిన ఒక మెసేజ్‌లో రిఫరీల మీద విసుర్లని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. స్వతంత్ర మధ్యవర్తి ఉద్దేశం తేలలేదని 10కి తగ్గించాడు. అప్పటికే 19 అయిపోయాయి.

అందుకని రెండు మెట్లు పెట్టుకోండి. ఉద్దేశం తేలకపోయినా శిక్ష సున్నాకి పడిపోకూడదు, కింది మెట్టు మీద ఆగాలి. అప్పీలు మాత్రం శిక్ష సగమయ్యేలోపే తేల్చండి.

జగదాంబ_జంక్షన్
19 మ్యాచ్‌లయ్యాక "నీకు 10 చాలు" అనడం మన మున్సిపల్ పన్ను రీఫండ్ లాగుంది.

గాజువాక_బ్లూలైన్
అంతర్జాతీయ రూల్స్‌లో కూడా రెండు మెట్లేనా?

రింక్‌సైడ్_రెఫ్
ఐఐహెచ్‌ఎఫ్ (అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య) 2021లో మ్యాచ్ పెనాల్టీనే తీసేసింది. ఇప్పుడు 5 నిమిషాలూ, ఆటనుంచి పంపెయ్యడం. కొలబద్ద ఉద్దేశం కాదు, ఎదుటివాణ్ణి నిర్లక్ష్యంగా ప్రమాదంలో పెట్టాడా అన్నది. మీకు అదే సరిపోతుంది.

భీమిలి_ఎడ్జ్
ఒక్కటి మర్చిపోతున్నారు. ఇన్‌లైన్‌లో బాడీ చెక్ (ఒంటితో ఢీకొట్టడం) అసలు లేదు. ఐస్‌లో "చట్టబద్ధమైన దెబ్బ కొంచెం గతి తప్పింది" అనే వాదన ఉంటుంది, మనకి అది లేదు. కానీ ఇంకో సాకు ఉంది, "ఆగలేకపోయా". ఐస్ మీద బ్లేడు అడ్డంగా తిప్పితే గీరుకుని ఆగుతుంది. చక్రాలకి అంత సులువు కాదు, ఆగే దూరం ఎక్కువ. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట రింకుల్లో సాయంత్రం అయ్యేసరికి తడిగాలికి కాంక్రీటు చెమర్చి జారుతుంది. దానిమీద 84ఏ గట్టి చక్రాలేసుకుని వచ్చినవాడు నిజంగానే ఆగలేడు.

కానీ ఆగలేనని ముందే తెలిసి పూర్తి వేగంతో రావడం కూడా నిర్లక్ష్యమే. నేల ఎలా ఉంది, చక్రాలు ఏవి అని రిపోర్టులో రాయించండి. డాల్ఫిన్‌నోస్ చెప్పిన 2 మీటర్లు మనకి 3, 4 అనుకోండి.

కంచరపాలెం_కుర్రోడు
మరి బ్లేడు తగిలి పీక తెగినోళ్ళ కేసులో? అక్కడ ఉద్దేశం ఎలా సెప్తారు?

మధురవాడ_ప్లీడర్
చాలావరకు ప్రమాదాలే. ఎన్‌హెచ్‌ఎల్‌లో 1989లో మలార్చుక్, 2008లో జెడ్నిక్, ఇద్దరివీ పడిపోతున్న ఆటగాడి కాలు లేచి తగిలినవే. 2023 అక్టోబర్ 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో అడమ్ జాన్సన్ చనిపోయినప్పుడు మాత్రం పోలీసులు నరహత్య అనుమానంతో ఒకర్ని అరెస్టు చేశారు. 2025 ఏప్రిల్‌లో ప్రాసిక్యూషన్ కేసు పెట్టట్లేదని ప్రకటించింది. ఆ రెండింటికీ మధ్య కాలంలో సోషల్ మీడియాలో తీర్పు ఎప్పుడో అయిపోయింది, ఒక్కో ఫ్రేమ్ ఆపి మరీ. అందుకే దర్యాప్తు అయ్యేదాకా వీడియో గ్రూపుల్లో పెట్టకూడదని కూడా ఒక లైను రాయండి.

మన చట్టం సంగతి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 25, పాత ఐపీసీ 87. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఒప్పుకుని ఆడే ఆటలో, చావుగానీ తీవ్రగాయంగానీ చెయ్యాలనే ఉద్దేశమూ, అది జరగొచ్చని తెలియడమూ లేకపోతే, తగిలిన దెబ్బ నేరం కాదు. ఉదాహరణగా సరదాకి కత్తిసాము చేసే ఇద్దర్నే ఇచ్చారు: మోసం లేకుండా ఆడుతూ తగిలితే నేరం లేదు. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దృష్టిలో తీవ్రగాయమే అని గుర్తుంచుకోండి. పిల్లలకి ఈ 25 వర్తించదు, వాళ్ళ విషయంలో ప్రమాదం అన్న సెక్షన్ 18 చూడాలి. తల్లిదండ్రుల సంతకం పెట్టిన కాగితం అన్నిటికీ కవచం అనుకోవద్దు.

జగదాంబ_జంక్షన్
పన్ను ఊడితే తీవ్రగాయమా? అయితే ఐస్ హాకీ జట్టు ఫొటో మొత్తం సాక్ష్యమే.

గాజువాక_బ్లూలైన్
ముసాయిదా ఇది, చూడండి:

"నివారించగలిగి ఉండీ ఎదుటి ఆటగాణ్ణి ప్రమాదంలో పెట్టిన ప్రతి చర్యకి ఆటనుంచి పంపివేత, కనీసం 2 మ్యాచ్‌ల నిషేధం. పక్ దగ్గర లేకపోవడం, ఆట ఆగిన తర్వాత జరగడం, వెనకనుంచి జరగడం, అదే ఆటగాళ్ళ మధ్య ముందు గొడవ ఉండటం, వీటిలో రెండో అంతకన్నా ఎక్కువో రుజువైతే ఉద్దేశపూర్వకంగా పరిగణించి కనీసం 6 మ్యాచ్‌లు. గాయం తీవ్రతని కనీసానికి పైన అదనపు మ్యాచ్‌లు నిర్ణయించడానికే చూడాలి. ఇరుజట్ల బంధువులు విచారణలో కూర్చోరాదు."

సిరిపురం_స్లాప్‌షాట్
"రెండో అంతకన్నా ఎక్కువో" అని లెక్క పెట్టకు. వెనకనుంచి, పక్ లేకుండా తగిలినవి మామూలు ఢీకొట్టుడులో కూడా ఉంటాయి. "వీటిని కలిపి చూసి" అని రాయి.

రింక్‌సైడ్_రెఫ్
నేనూ అదే అంటా. రిఫరీ రిపోర్టులో "కావాలని కొట్టాడు" అన్న మాట నిషేధించండి. సమయం, స్కోరు, పక్ ఎక్కడుంది, ఇద్దరి మధ్య దూరం, కాళ్ళు, చేతులు, కర్ర, ముందు జరిగిన మాటలు. చూసింది రాయాలి, తీర్పు కమిటీది. స్కానింగ్ రిపోర్టు రాకముందే, ఆ రాత్రే రాయించండి. ఎవరి మెడ విరిగిందో తెలిశాక రాసే రిపోర్టు వేరేలా ఉంటుంది.

గాజువాక_బ్లూలైన్
మార్చేశాను. కెమెరా ఒక్కటే ఉంది, ఎక్కడ పెట్టమంటారు?

డాల్ఫిన్‌నోస్
మధ్యగీత దగ్గర వద్దు, పెద్ద దెబ్బలు మూలల్లో, గోల్ వెనక బోర్డుల దగ్గర తగులుతాయి. ఒక మూలలో మూడు మీటర్ల ఎత్తున, రింకు అంతా పట్టేలా వైడ్‌లో బిగించు. 60 ఫ్రేములకి మార్చు. స్కోర్‌బోర్డు గడియారం ఫ్రేములో పడేలా చూస్కో, లేకపోతే ఆట ఆగాక జరిగిందా ముందా అన్న తగువు మళ్ళీ మొదలు. రెండో మూలకి ఎవరి ఫోనైనా ట్రైపాడ్ మీద పెట్టండి, ఫ్లడ్‌లైట్‌కి ఎదురుగా మాత్రం వద్దు.

కంచరపాలెం_కుర్రోడు
ట్రైపాడ్ నేను తెస్తా.